ఏ వేషంలో రంగారావు మిన్న? పల్లెల్లో తెగని తగవు

నూజివీడు పేరు చెప్పగానే ముందు మామిడిపండుకు నోరూరుతుంది. ఆ తరువాత జ్ఞాపకం వచ్చేది ఎస్.వి. రంగారావు. సామర్ల వెంకట రంగారావు 1918 జూలై 3న ఆ ఊళ్ళో పుట్టి, 1974 జూలై 18న మద్రాసులో కన్నుమూశారు. ఆయన పోయి యాభై ఏళ్ళు దాటింది. నాటి సినిమాలు చూసిన పెద్దలు నలుగురు ఒక అరుగు మీద చేరితే మాత్రం ఆయన గురించిన తగవు ఒకటి ఇప్పటికీ లేస్తుంది. రంగారావు ఏ వేషంలో గొప్ప?

నేపాళ మాంత్రికుడిగా అంటారొకరు. ఘటోత్కచుడి ముందు మాంత్రికుడెంత అంటారు ఇంకొకరు. కీచకుణ్ణి చూసినవాళ్ళెవరూ ఆ రెండిటి పేరెత్తరని మూడో ఆయన పట్టు. గదలు, కిరీటాలు తీసి పక్కన పెట్టి, మామూలు పంచెకట్టుతో తండ్రి వేషం వేసిన రంగారావును చూడాలని అరుగు చివర కూర్చున్నాయన మెల్లగా అంటారు. అసలు తగవు అక్కడే మొదలవుతుంది.

ఆయన ఏ జిల్లా మనిషి అన్నదీ ఇప్పుడొక చిన్న తగవే. నూజివీడు మొదటినుంచీ కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఏలూరు జిల్లాలో కలిసింది. కనుక మావాడంటే మావాడని రెండు జిల్లాలవారూ అనవచ్చు. పుట్టింది నూజివీడు. బంధువర్గం ఏలూరులో ఉంది. ఉద్యోగం చేసిన ఊళ్ళలో బందరు ఒకటి. ఎవరి వాటా వారికి ఉంది.

తండ్రి ఎక్సైజు శాఖలో ఉద్యోగి. రంగారావు చిన్నతనం చాలావరకు మద్రాసులో నాయనమ్మ పెంపకంలో గడిచింది. చదువు మద్రాసులోనూ, ఆ తరువాత విశాఖపట్నం, కాకినాడలలోనూ సాగింది. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సమాజం ఉండేది. అంజలీదేవి, ఆదినారాయణరావు వంటి వారు తయారైన చోటు అది. రంగారావుకు రంగస్థలం రుచి బాగా పట్టింది అక్కడే. బి.ఎస్సీ. చదివిన మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చినవారు, షేక్స్‌పియర్ నాటకాల పాత్రలు కూడా వేశారు. చదువు ముగిశాక అగ్నిమాపక దళంలో ఉద్యోగం దొరికింది. బందరులో కొన్నాళ్ళు, విజయనగరంలో కొన్నాళ్ళు పనిచేశారు. ఉద్యోగం కుదురుగా ఉన్నా మనసు వేషం మీదే ఉంది. రాజీనామా ఇచ్చి సినిమాకు వెళ్ళారు.

మొదటి వేషం ఏమిటో చెబితే ఈనాటి కుర్రవాళ్ళు నమ్మరు. 1947లో వచ్చిన వరూధిని చిత్రంలో ఆయన ప్రవరుడు. హిమాలయం మీద దారి తప్పి, గంధర్వకాంత వలచినా చలించని అందగాడు. అంటే రంగారావు కథానాయకుడిగానే అడుగుపెట్టారు. చిత్రం ఆడలేదు. ఆ తరువాత అవకాశాలూ రాలేదు. ఆ ఏడాది డిసెంబరులో పెళ్ళయింది. బతుకుతెరువు కోసం జంషెడ్‌పూరు వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు. అక్కడే ఉండిపోయి ఉంటే తెలుగువాళ్ళకు ఘటోత్కచుడు ఎలా ఉంటాడో తెలిసేది కాదు.

రెండేళ్ళ తరువాత మళ్ళీ మద్రాసు నుంచి కబురు వచ్చింది. 1950లో విడుదలైన పల్లెటూరి పిల్లలో చిన్న పాత్ర దక్కింది. అదే ఏడాది విజయా వారి తొలి చిత్రం షావుకారులో సున్నం రంగడనే రౌడీ వేషం వేశారు. ప్రవరుణ్ణి పట్టించుకోని జనం సున్నం రంగణ్ణి గుర్తుపెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు పాతాళభైరవి వచ్చింది. ఇక వెనక్కి చూసే పని లేకపోయింది.

మాంత్రికుడి గడ్డం

1951లో పాతాళభైరవి విడుదలయ్యేనాటికి రంగారావుకు ముప్పైరెండేళ్ళు. గడ్డం, పొడుగు అంగీ, కళ్ళలో మెరుపు, ఒక్కొక్క మాటనూ సాగదీసి వదలడం. ఆ సినిమాలో తోటరాముడు ఎన్.టి. రామారావు. కథ నడిపేది మాత్రం మాంత్రికుడే అని ఒక పక్షం వాదన. మాంత్రికుడు తెర మీద లేనప్పుడు కూడా ఎప్పుడొస్తాడా అని ప్రేక్షకుడు ఎదురుచూశాడంటే ఆ గెలుపు ఎవరిదో చెప్పనక్కరలేదని వారంటారు. పిల్లలు రాత్రి భయపడి తల్లి పక్కలో దూరి, తెల్లవారగానే గడ్డానికి తువ్వాలు కట్టుకుని వీధిలో మాంత్రికుడి ఆట ఆడేవారు.

రెండో పక్షానికి ఆ నటన నాటకం ఫక్కీలో ఉన్నదని ఫిర్యాదు. చూపు ఎక్కువ, విరుపు ఎక్కువ అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ జానపద కథలో మాంత్రికుడు మన మునసబుగారిలా మాట్లాడితే ఎవరు చూస్తారు?

ఈ తగవులకు అప్పట్లో వేదిక టూరింగ్ టాకీసు. ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట మైకులో వినిపిస్తే ఆట మొదలు కాబోతున్నదని లెక్క. నేల, బెంచి, కుర్చీ అని తరగతులు. చాలాచోట్ల యంత్రం ఒక్కటే. రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి. కొత్త రీలు ఎక్కించేలోగా వేరుశెనక్కాయలు నములుతూ నేల తరగతివారు తీర్పులు చెప్పేవారు. అలా ఒక్కో సినిమాకు అనేకసార్లు పంచాయతీ జరిగేది.

ఆ రోజుల్లో ఊరు రెండుగా చీలి ఉండేది. రామారావు వర్గం, నాగేశ్వరరావు వర్గం. గోడ మీద కాగితం అంటిస్తే రెండో వర్గం చింపేది, పేడ కొట్టేది. పెళ్ళిసంబంధాలు కూడా చెడ్డాయని చెప్పుకునే ఊళ్ళున్నాయి. ఇన్ని జగడాల మధ్య రంగారావు ఒక్కరే ఉమ్మడి ఆస్తి. ఇటువారికీ కావాలి, అటువారికీ కావాలి. ఆయన బొమ్మ మీద పేడ పడలేదు. కారణం సులభం. ఆయన నాయకుడు కారు కనుక ఆయన గెలిచినా తమ నాయకుడు ఓడినట్టు కాదని ఇద్దరికీ ధైర్యం. ఆ ధైర్యం ఒక్కోసారి సడలేది. అప్పుడు తమాషాగా ఉండేది.

ఘటోత్కచుడికి దక్కిన మార్కులు ఎవరివి?

1957 మార్చిలో మాయాబజార్ వచ్చింది. కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం. అందులో ఘటోత్కచుడు రాక్షసుడే గాని తల్లి మాట జవదాటని కొడుకు. కొండంత దేహంతో వచ్చి పెద్దల ముందు చిన్నపిల్లవాడిలా చేతులు కట్టుకుంటాడు. పెళ్ళివారి వంటకాలను ఒంటరిగా ఆరగించే ఘట్టం చూసి నవ్వని ఇల్లు తెలుగుదేశంలో లేదు.

ఇక్కడ వాదన మూడు దారులు పట్టింది. విందు ఘట్టంలో సగం గొప్పతనం కెమేరా మాయది, అంటే బార్ట్లేది అని కొంచెం చదువుకున్నవారు అనేవారు. పాట, పద్యం పాడిన గొంతు మాధవపెద్ది సత్యానిదని, ఆ గొంతు లేకపోతే ఆ గాంభీర్యం రాదని పద్యప్రియుల మాట. రంగారావే స్వయంగా పాడుకున్నారని పందెం కాసి ఓడినవారూ ఉన్నారు. ఆ గొంతు ఆ దేహానికి అంతగా అతికింది. నటుడు పెదవి కదిలించే తీరులో, ఛాతీ ఎగసే తీరులో తేడా పడితే ఆ భ్రమ నిలవదు. కనుక పందెం ఓడినవారి పొరపాటు కూడా రంగారావుకు మెచ్చుకోలే.

మూడో వాదన అన్నిటికన్నా రుచికరం. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారిన తరువాత తెర మీద ఉన్నది సావిత్రి. ఆడపిల్ల దేహంలో ఆ రాక్షసుడి నడక, చేయి విసురు, మీసం లేకపోయినా మీసం దువ్వే అలవాటు. ఆ నవ్వులన్నీ సావిత్రి సంపాదించినవని ఒకరంటే, ఆమె అనుకరించడానికి ఒక నడక, ఒక విసురు ముందుగా తయారుచేసి పెట్టినవాడు రంగారావు కదా అని ఇంకొకరు. నిజానికి అనుకరిస్తే వెంటనే ఎవరో పోల్చుకోగల నడక ఉన్న నటులు ఎందరు? సావిత్రి ప్రతిభకు లోటు లేకుండానే ఇందులో పావువంతు మార్కులు రంగారావుకు ఇవ్వాలి.

కీచకుడి మీద అభియోగం

నర్తనశాల 1963 అక్టోబరులో విడుదలైంది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. రామారావు బృహన్నల, సావిత్రి సైరంధ్రి, రంగారావు కీచకుడు. భీముడి వేషం వేసింది వస్తాదు దండమూడి రాజగోపాల్. కృష్ణా జిల్లావాడే. బరువులెత్తడంలో దేశమంతటా పేరున్నవాడు. చివరి మల్లయుద్ధం అందుకే అంత నమ్మబలికింది.

ఈ కీచకుడు వట్టి కాముకుడు కాడు. విరాటరాజు సింహాసనం తన భుజబలం మీద నిలిచి ఉందని తెలిసిన వీరుడు. అడిగినది కాదనేవారు ఉండరన్న ధీమా. ఆ ధీమాతోనే సైరంధ్రిని చూస్తాడు. ఆ చూపు, కళ్ళు వాలే తీరు, నడకలో మదం చూసి ఆడవాళ్ళు తల తిప్పుకున్నారు. మరుసటి ఏడు జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి లభించింది. కళాదర్శకత్వానికి టి.వి.ఎస్. శర్మకు కూడా బహుమతి వచ్చింది. మన మహాభారతం కథలో మన నటుడు వేసిన చెడ్డ పాత్రకు పరదేశంలో పట్టం కట్టారన్నమాట.

పల్లెల్లో మాత్రం పెద్దలు కొందరు అభియోగం తెచ్చారు. హరికథలు, పురాణ కాలక్షేపాలు విని పెరిగినవారు వారు. పరస్త్రీని చెరపట్టబోయిన పాపిని అంత దర్జాగా, అంత అందంగా చూపవచ్చునా అని అడిగారు. చచ్చేటప్పుడు చూసేవాడికి సంతోషం కలగాలి గాని, అయ్యో అంత వీరుడు పోయాడే అనిపించరాదన్నారు. ఈ అభియోగాన్ని నవ్వి తోసిపుచ్చడానికి వీలులేదు. చెడ్డవాడు మొదటినుంచీ వికారంగా కనిపిస్తే ఎవరు మోసపోతారు? ఊళ్ళో పెత్తనం చేసే దుర్మార్గుడు కూడా మంచి మనిషిలా, దర్జాగానే ఉంటాడు కదా. రంగారావు చూపించింది అదే. అయినా పెద్దల బెదురులోనూ అర్థం ఉంది. ఆ చూపును అనుకరించి వీధిలో ఆడపిల్లల వెంటపడిన కుర్రవాళ్ళు లేకపోలేదు.

రామారావు అభిమానులకు ఇంకో బాధ. బృహన్నల వేషంలో తమ నాయకుడు అంత సాహసం చేస్తే జనం బయటికి వచ్చి కీచకుణ్ణి మెచ్చుకుంటున్నారేమిటని. 1979లో రామారావు తీసిన శ్రీమద్విరాటపర్వంలో తానే కీచకుడు కూడా వేశారు. అప్పుడు పోలిక తప్పలేదు. సుయోధనుడి సంగతీ అంతే. 1965 నాటి పాండవ వనవాసంలో రంగారావు సుయోధనుడు, రామారావు భీముడు. 1977లో దానవీరశూరకర్ణలో రామారావే సుయోధనుడు. కీచకుడి విషయంలో రంగారావుకు, సుయోధనుడి విషయంలో రామారావుకు ఎక్కువ ఓట్లు పడతాయని మన అరుగుల లెక్క. వాదన చివరికి అలా సగం సగం అవుతుంది గనుక కర్రలు లేవలేదు.

ఇరవై ఏళ్ళ ముసలితనం

ఇక అరుగు చివర కూర్చున్న పెద్దమనిషి మాటకు వద్దాం. ఆయన వైపు బలమైన సాక్ష్యం ఉంది.

మిస్సమ్మ 1955 జనవరిలో వచ్చింది. అందులో రంగారావు అప్పాపురం జమీందారు, తప్పిపోయిన పెద్దకూతురి కోసం లోలోపల కుమిలే తండ్రి. అప్పటికి ఆయన వయసు ముప్పైఆరు. 1962లో గుండమ్మ కథలో రామారావుకూ నాగేశ్వరరావుకూ ఇద్దరికీ తండ్రి. ఆయన వారికన్నా అయిదారేళ్ళే పెద్ద! తెర మీద కొడుకులను దీవిస్తుంటే ఆ తేడా ఎవరికీ గుర్తురాలేదు. రెండు వర్గాల ఉమ్మడి ఆస్తి అన్నామే, ఆ సినిమాలో అది అక్షరాలా నిజమైంది. ఇద్దరు నాయకులకూ తండ్రి ఆయనే.

1955లోనే బి.ఎన్. రెడ్డి తీసిన బంగారు పాప కూడా వచ్చింది. కరడుకట్టిన కోటయ్య అనే మొరటు మనిషికి ఒక అనాథ శిశువు దొరుకుతుంది. ఆ పసిదాన్ని పెంచుతూ మనిషి కరుగుతాడు. మాయాబజార్ చూసినంతమంది పల్లెల్లో ఈ చిత్రం చూడలేదు. చూసినవారు మాత్రం వాదనకు దిగరు. కళ్ళు తుడుచుకుంటారు. ఆ బండచేతులు పసిబిడ్డను ఎత్తుకునే తీరు ఒక్కటి చాలని వారి తీర్పు. 1962 నాటి ఆత్మబంధువులో ఇంటి పెద్దగా, దాసరి నారాయణరావు తొలి చిత్రం తాత మనవడులో కొడుకు ఆదరణకు నోచుకోని తాతగా చేసినవీ ఈ వరుసలోనివే. తాత మనవడు చూసి వచ్చిన రాత్రి ముసలి తండ్రిని అన్నం తిన్నావా అని అడిగిన కొడుకులు ఊరికి ఒకరిద్దరైనా ఉంటారు. మరుసటి వారం కూడా అడిగారో లేదో చెప్పలేం.

తమిళులు కూడా ఆయన్ను ఎక్కువగా తండ్రిగానే ఎరుగుదురు. ఆత్మబంధువుకు మూలమైన తమిళ చిత్రంలోనూ ఆ ఇంటి పెద్ద రంగారావే.

రాక్షసుడి పక్షం, తండ్రి పక్షం రెండూ ఒకేచోట కలిసే సినిమా ఒకటుంది. 1967 నాటి భక్త ప్రహ్లాద. కాకినాడ నాటక సమాజం నాటి అంజలీదేవి లీలావతి. రంగారావు హిరణ్యకశిపుడు. ప్రహ్లాదుడు చిన్నారి రోజారమణి. ముల్లోకాలను వణికించే దైత్యుడు కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని మురిసిపోతాడు. ఆ నోటి నుంచే విష్ణువు పేరు వినగానే ముఖం మారుతుంది. ఏనుగుల చేత తొక్కించమని ఆజ్ఞ ఇచ్చిన తండ్రి లోపల ఎక్కడో కొడుకు బతికి రావాలని కోరుకుంటున్నాడా అని అనుమానం వస్తుంది. పురాణంలో ఆ అనుమానానికి తావు లేదు. ఆయన ముఖంలో ఉంది. ఆయన రాక్షసుల్లో ఎప్పుడూ ఒక సంసారి ఉన్నాడు, ఆయన తండ్రుల్లో ఎక్కడో ఒక గర్జన అణిగి ఉంది. ఈ వ్యాసకర్త ఓటు అడిగితే హిరణ్యకశిపుడికే. కీచకుడి పక్షంవారు కోప్పడినా సరే.

అన్నీ మెప్పించాయని కాదు. 1960లో హరిశ్చంద్ర వేస్తే, రంగస్థలం మీద కాటిసీను పద్యాలకు తెల్లవార్లూ మేలుకునే మనవాళ్ళు పెదవి విరిచారు. హరిశ్చంద్రుడంటే వారికి రాగం తీసే నటుడే కావాలి. 1964 నాటి బొబ్బిలి యుద్ధంలో తాండ్ర పాపారాయుడు తెర మీద ఉన్న కాసేపటికే పౌరుషం రగిలిస్తాడు. పాత్ర నిడివి చాలలేదని ఉత్తరాంధ్ర వారి ఫిర్యాదు ఇప్పటికీ ఉంది. షూటింగులకు ఆలస్యంగా వస్తారనీ, తాగుడు అలవాటు ఉన్నదనీ కూడా జనం చెప్పుకునేవారు. ఆరాధించేవారే ఆ మాటలు కూడా చెప్పుకోవడం మన వైపు మామూలే.

ఆయన కథలు రాశారు. సినిమాలు నిర్మించారు. దర్శకత్వం వహించిన చదరంగం, బాంధవ్యాలు రెండింటికీ రాష్ట్ర ప్రభుత్వ నంది బహుమతులు లభించాయి. విశ్వనటచక్రవర్తి అని బిరుదు ఇచ్చింది జనం. కేంద్ర ప్రభుత్వం నుంచి పద్మ పురస్కారం ఏదీ రాలేదు. ఈ ఒక్క విషయంలో అరుగు మీద నాలుగు పక్షాలూ ఒకటవుతాయి. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండిన సందర్భంగా విడుదల చేసిన తపాలా బిళ్ళల్లో ఆయన బొమ్మ కూడా వేశారు. తాడేపల్లిగూడెంలో 2019లో విగ్రహం వెలిసింది. ఆవిష్కరించింది చిరంజీవి.

1974లో ఒకసారి గుండెపోటు వచ్చి తేరుకున్నారు. జూలైలో రెండోసారి వచ్చిన పోటుకు మనిషి దక్కలేదు. పత్రికల్లో వయసు యాభైఆరు అని చదివి జనం తెల్లబోయారు. ఇరవై ఏళ్ళుగా తాతగా, తండ్రిగా, జమీందారుగా చూస్తున్న మనిషికి డెబ్బై ఉంటాయని లెక్కవేసుకున్న ఊళ్ళు అవి.

మరుసటి ఏడాది యశోద కృష్ణ విడుదలైంది. పోయిన మనిషి మళ్ళీ కంసుడై తెర మీదికి వచ్చాడు. 1959లో శ్రీకృష్ణలీలల్లోనూ కంసుడు ఆయనే. పదహారేళ్ళ నాటి కంసుడితో పోల్చితే ఈ కంసుడిలో అలసట కనిపించిందని కొందరు, గొంతులో పదును ఏమాత్రం తగ్గలేదని కొందరు. రీలు మారే వేళ దీపాలు వెలిగాయి. ఆ ఒక్కసారి మాత్రం నేల తరగతిలో తీర్పు ఎవరూ గట్టిగా చెప్పలేదు.